ఆషాఢం దాటినా నేను కదల్లేదు

పెళ్ళయి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని మా ఆత్మకూరులో రెండే ప్రశ్నలు అడుగుతారు. తాగుతాడా? కొడతాడా? రెంటికీ లేదని చెప్పామంటే, నీ అంత అదృష్టవంతురాలు లేదని తేల్చేసి కాఫీ తాగి వెళ్ళిపోతారు. అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుందని ఎవరికీ తోచదు. నా మీదికి వచ్చేదాకా నాకూ తోచలేదు.

నన్ను ఉదయగిరికి ఇచ్చారు. వైశాఖంలో పెళ్ళి. వాళ్ళది ఎరువులు, విత్తనాల అంగడి. ఆయన ఇంజినీరింగు చదివి, చెన్నైలో రెండేళ్ళు ఉద్యోగం చేసి, అది నచ్చక వాళ్ళ నాయన పక్కన వ్యాపారంలో కూర్చున్నవాడు. మాది ఆత్మకూరులో స్టీలు సామాన్ల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. బీకాం అయిపోయినప్పటి నుంచి పెళ్ళిదాకా నాయనతో సమానంగా గిరాకీ చూసుకున్నాను. మనిషి మెట్టెక్కేటప్పుడే కొనేరకమా, చూసిపోయేరకమా చెప్పేసేదాన్ని. మనుషులు నాకు బాగా తెలుసని అప్పట్లో నాకు మహా గర్వం.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే చదివేవాళ్ళు తేలిగ్గా ఒక రాక్షసుణ్ణి ఊహించేసుకుని, మా ఇంట్లో అట్లాంటివాడు లేడులే అని నిశ్చింతగా ఉండిపోతారు. నాకు జ్వరమొస్తే మందుల అంగడికి మూడుసార్లు తిరిగాడు. మా అత్త నన్ను ఏమన్నా అంటే నా పక్షాన నోరు తెరిచేవాడు. పప్పులో ఉప్పు ఎక్కువైనా కిక్కురుమనకుండా తినేవాడు. తలుపు మూశాక మాత్రం ఆ మనిషే వేరు. వద్దంటే వినేవాడు కాదు. నొప్పంటే నవ్వేవాడు. చేత్తో తోస్తే సరసమనుకునేవాడు. ఒకసారి గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, "భలే చేస్తావు నువ్వు," అన్నాడు. ఎగతాళిగా కూడా కాదు, మెచ్చుకోలుగా. నా ఖర్మ!

యాభై రోజుల పైచిలుకు ఇలాగే గడిచింది. నాకు చేతనైనవన్నీ చేశాను. మెల్లిగా చెప్పి చూశాను, అలిగి చూశాను, తలనొప్పని అబద్ధమాడి చూశాను. విచిత్రంగా తలనొప్పిని నమ్మేవాడు. బామ్ తెచ్చి నుదుటికి రాసి, ఫ్యాను పెట్టి పడుకోబెట్టేవాడు. నా నోటిమాటకి లేని విలువ నా తలకాయకి ఉండేది. దాంతో నెలలో సగం రోజులు నేను తలనొప్పి మనిషినైపోయాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకోమంది అత్త.

ఆషాఢం రాగానే నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఆ నెల కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా వైపు ఇది ఎంత గట్టి పట్టింపంటే, అల్లుడు పనిమీద ఊళ్ళోకి వచ్చినా వీధిలోనే నిలబడి మామతో మాట్లాడి, అక్కడే టీ తాగి వెళ్ళిపోతాడు. ఎందుకయ్యా అంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. బస్సు ఉదయగిరి కొండ దాటిందో లేదో, నేను నాయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. ఆత్మకూరు బస్టాండులో లేపితే గానీ లేవలేదట.

రెండో రోజు అమ్మతో చెప్పాను. ఇద్దరం గోంగూర ఒలుస్తున్నాం. తల ఎత్తకుండా, ఎంత చెప్పగలనో అంత చెప్పాను. అమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

"మొదట్లో అట్టానే ఉంటాది అమ్మీ. సర్దుకోవాల."

"ఎవురు సర్దుకోవాలమ్మా?"

"ఎవురేంది, మనమే. తాగేది లేదు, కొట్టేది లేదు. ఇంకేం కావాల నీకు?"

మంచం మీదున్న అవ్వ ఎంత విన్నదో ఏమో, "కొత్తపెళ్ళికూతురు, సిగ్గు పడతా ఉండాదిలే," అని బోసినోటితో నవ్వింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. గోంగూర కట్ట అక్కడే విసిరేసి అంగట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి మాకు గిరాకీ పలచన. ఒక మధ్యాహ్నం చేజర్ల నుంచి ఒక పెద్దామె ఇడ్లీపాత్ర కోసం వచ్చింది. మూత సరిగ్గా కూర్చుంటుందో లేదో పదిసార్లు పెట్టి తీసి చూస్తోంది. అంతలో నా ఫోన్ మోగింది. మా ఆయన మెసేజి. అంగడికి కొత్త బోర్డు రాయిస్తున్నామని, ఫొటో పంపుతానని పొద్దున చెప్పి ఉన్నాడు. అదే అనుకుని పైన రాసింది చదవకుండా వేలు నొక్కేశాను.

ఒక ఆడమనిషి గొంతు అంగడంతా నిండిపోయింది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తోచలేదు. కంగారులో ఫోను చేజారి పక్కనున్న పెద్ద బిందెలో పడింది. స్టీలు బిందెలో గొంతు ఎట్లా మోగుతుందో చెప్పాలా? రెండింతలైంది. అట్టపెట్టెలు విప్పుతున్న నాయన అటునుంచి తలెత్తాడు. నేను నడుం దాకా బిందెలోకి వంగి, ఫోను అందక, అందినా ఆగక, నానా అవస్థా పడి చివరికి దాన్ని ఆపాను.

పెద్దామె ఇడ్లీపాత్ర వదిలేసి నా వైపే చూస్తోంది.

"ఎవురమ్మా అది, అట్టా ఏడస్తా ఉండేది? పాపం, ఏ ఆడమనిషికో పెద్ద కష్టమే వచ్చినట్టుండాదే. పోయి చూడండయ్యా ఎవురన్నా."

"ఏం లేదవ్వా, సినిమా," అన్నాను.

"ఏం సినిమాలో ఏమో. ఆడమనిషి అట్టా ఏడస్తా ఉంటే ఎట్టా చూస్తారో జనాలు!" అని మళ్ళీ మూత మీద పడింది. ఆమె అడిగినంతకీ ఇచ్చేసి పంపించేశాను.

ఆ పెద్దామెకి బొమ్మ కనబడలేదు. గొంతు మాత్రమే వినబడింది. విన్న మరుక్షణం అది ఏడుపని తెలిసిపోయింది. అదే గొంతు ఇంజినీరింగు చదివిన మా ఆయనకి సంతోషంలా వినబడింది. ఎన్నేళ్ళు వింటే చెవి అట్లా తయారవుతుంది? ఇది ఆ పూటంతా నన్ను వదల్లేదు.

మెసేజి అప్పుడు చదివాను. "చూడు, వీళ్ళెట్టా ఉండారో. నేర్చుకో. వచ్చినాక పరీక్ష," అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. నాయన భోజనానికి లేచాక, వెనక గోడౌనులో అట్టపెట్టెల మధ్య కూర్చుని, సౌండు తీసేసి ఆ వీడియో మొత్తం చూశాను. ఈయన ఏం చదువుకుని వచ్చాడో నాకు తెలియాలి కదా! వివరాలు రాయను, అవసరం లేదు. అందులో అమ్మాయి రెండు చేతులా తోసింది. తల అడ్డంగా ఊపింది. వాడు ఆగలేదు. కాసేపటికి ఆ అమ్మాయి నవ్వింది. కథ సుఖాంతం. ఆమె ఎక్కడ మనసు మార్చుకుందో చూద్దామని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎక్కడా లేదు. ఏడుపుని అక్కడ కత్తిరించి నవ్వుని తెచ్చి అతికించారు. అంతకుముందు ఒక భుజం మీదున్న జుట్టు నవ్వేటప్పటికి రెండో భుజం మీదుంది. బిల్లులో దిద్దిన అంకె చూసినట్టు నాకు తెలిసిపోయింది.

అప్పుడు అర్థమైంది. ఆయన యాభై రోజులుగా ఆ నవ్వు కోసం చూస్తున్నాడు. తోయడం అయింది, ఏడవడం అయింది, ఇక నవ్వు రావాలి. అది ఎన్నాళ్ళకీ రాకపోయేసరికి నాలోనే ఏదో లోపముందని, నాకు నేర్పాలని పాఠం పంపాడు. ఒళ్ళు మండిపోయింది. జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. కానీ జాలిపడి బస్సెక్కే రకాన్ని కాదు నేను.

ఆ వారంలోనే నాతో బీకాం చదివిన ఇద్దరికి ఫోన్ చేశాను. సోమశిలలో కాపురమున్న స్నేహితురాలు మొదట మాట దాటేసింది. తర్వాత ఒక్కసారిగా, "మా ఆయన కూడా పంపిస్తాడే. నేను నవ్వే బొమ్మ పెట్టి ఊరుకుంటా," అంది. కలువాయిలో ఉన్నది మాత్రం గట్టిగా ఏడ్చేసింది. ఆమె మొగుడు ఫోన్లో ఎవరినో చూపించి, ఆ ఆడవాళ్ళతో పోల్చి వంకలు పెడతాడట. "మనం మనుషులమని వీళ్ళకి ఎవురన్నా చెప్పినారా లేదామే?" అని అడిగింది. చదువుకునే రోజుల్లో ముగ్గురం గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఈ ఒక్క సంగతీ తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

వద్దు అని నేనన్న మాట ఆ ఇంట్లో చెల్లుతుందని తేలేదాకా ఉదయగిరి పోనని ఆ రోజు నిశ్చయించుకున్నాను. దానివల్ల కాపురం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. భయం లేదని కాదు. చచ్చేంత భయం. నాయనకి ఊళ్ళో ఉన్న పరువు నాకు తెలుసు. అయినా సరే. నాలుగు ఊళ్ళకి బిందెలు అమ్మినదాన్ని, సొంత ఒంటి మీద ఒక మాట చెల్లించుకోలేకపోతే ఇంక నేనెందుకు?

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని రమ్మన్నాను. అమ్మా నాయనా సోమశిలలో ఎవరినో పరామర్శించడానికి వెళ్ళారు. అవ్వ నిద్రలో ఉంది. ఆయన బండి మీద సందువైపు తలుపు దగ్గరికి వచ్చాడు. నేను లోపల, ఆయన బయట. నడినెత్తిన ఎండ. ఆయన చొక్కా మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఎండ మాడ్చేస్తాంది. లోపలికి రా," అన్నాను. నలుగురిలో మీరు, ఇద్దరమే ఉంటే నువ్వు, అదీ మా పద్ధతి.

"ఆషాఢం గదామే."

"ఎవురూ లేరు ఇంట్లో. నేను ఎవురికీ చెప్పనులే."

"వద్దులే. తొక్కకూడదు."

"ఎందుకు తొక్కకూడదు?"

"ఏమో. పెద్దోళ్ళు చెప్పినారు గదా."

"ఎవురన్నా నిన్ను పట్టుకోనుండారా? తలుపుకి గడియేసినామా?"

"ఏంది నీ గోల? కూడదంటే కూడదు."

నిజానికి ఆయన్ని పిలిచేటప్పుడు ఏం మాట్లాడాలో పెద్దగా అనుకోలేదు. వీడియో సంగతి ఎత్తి నాలుగు దులిపేద్దామనే అనుకున్నాను. కానీ చెమటలు కారుతూ, గడపకి జానెడు దూరంలో, అడుగు ముందుకు వేయకుండా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు అడగాల్సింది దొరికింది.

"కారణం తెలీదు. కాపలా లేదు. లోపలికి రమ్మని నేనే పిలస్తా ఉండాను. అయినా ఆగినావు," అన్నాను. "ఆగడం నీకు బాగానే వచ్చు. మరి నేను వద్దన్నప్పుడు ఎందుకు ఆగలేదు?"

"ఎప్పుడు?"

నిజంగానే అడిగాడు. మొహంలో ఏ కల్మషమూ లేదు. అది నన్ను ఇంకా కుంగదీసింది.

"పెళ్ళయిన కాడ్నించీ. ప్రతిసారీ."

సందులో ఎవరన్నా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "అది వేరే. అందరాడోళ్ళూ అంటారు. సిగ్గుకి అంటారు, తర్వాత..."

"ఎంతమంది ఆడోళ్ళు చెప్పినారు నీకు?"

బండి తాళాన్ని వేలికి తిప్పుకున్నాడు.

"చెప్పు. ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తారుమే? మా నాయన చెప్తాడా? హాస్టల్లో అందరం ఫోన్లో చూసినాం. ఇప్పటికీ చూస్తాండాం. మాకు తెలిసింది అదే. ఇంకెట్టా తెలుస్తాది?"

"నన్ను అడిగుంటే తెలిసుండేది. పక్కనే ఉండాను గదా."

అప్పుడు కోపమొచ్చింది ఆయనకి. మొహం ఎర్రబడింది. "అంటే నేను బలవంతం చేసినోణ్ణా? పేపర్లో పడే ఎదవల్లో కలిపేస్తాండావా నన్ను?"

"పేరు నువ్వే పెట్టుకో. జరిగింది ఏందో నేను చెప్పినా."

బండి స్టార్టు చేసి, సందులో కోళ్ళు చెదిరిపోయేంత వేగంగా వెళ్ళిపోయాడు. నేను తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అంత ధైర్యం నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఆయన వెళ్ళగానే అంతా దిగిపోయింది. మళ్ళీ రాడేమో, తప్పు చేశానేమో అనిపించింది. లేచి మొహం కడుక్కుని, తప్పు చేయలేదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను.

తర్వాత రెండు వారాలు ఫోన్ లేదు, మెసేజి లేదు. శ్రావణం వచ్చేసింది. "మొదటి శుక్రవారానికి నువ్వాడ ఉండాల. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అని నాయన రోజూ పాట. అమ్మ నన్ను అడగకుండానే బ్యాగు సర్దేసి నడవలో పెట్టింది. ఆ బ్యాగు దాటుకుని అటూ ఇటూ తిరిగాను గానీ ముట్టుకోలేదు.

బుధవారం నాడు కారు మాట్లాడుకుని ముగ్గురూ వచ్చారు. అత్త, మామ, ఆయన. భోజనాలకి అమ్మ పొద్దుటి నుంచీ వండుతూనే ఉంది. కూర్చోగానే అత్త, "బయల్దేరమ్మా, వర్జ్యం రాకముందే కదలాల," అంది.

"నేను రావడం లేదత్తా," అన్నాను.

నాయన మొహం పాలిపోయింది. అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం జరిగిందమ్మా? వాడేమన్నా తాగినాడా?"

"లేదు."

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"మరేంది నీ బాధ?"

పెళ్ళాలు ఇట్లాంటి చోట నోరు మూసుకుంటారని అందరికీ ధీమా. రానని చెప్పి మూసుకుంటే పొగరుబోతుదన్న పేరొస్తుంది, కారణం మాత్రం ఎప్పటికీ బయటికి రాదు. నేను చెప్పాను.

"తాగలేదు, కొట్టలేదు. నేను వద్దంటే ఆగలేదు."

"ఛీ!" అని మామ లేచి నిలబడ్డాడు. "పెద్దోళ్ళ ముందర మాట్లాడే మాటలా ఇవి?" నాయన నా వైపు చూడకుండానే, "లోపలికి పో నువ్వు," అన్నాడు. నేను కదల్లేదు. అత్త నోరెళ్ళబెట్టి, తర్వాత నవ్వు మొహం పెట్టి, "ఇదేనా! నేనింకా ఏందో అనుకున్యా. మొగుడూ పెళ్ళాల మధ్య వద్దేంది, కావాలేంది..." అని మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు ఆయన.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు తలెత్తాడు. "ఆమె చెప్పేది నిజమే. వద్దనింది. నేనే వినలేదు."

ముందు తేరుకున్నది అత్తే. "సరే, ఒప్పుకున్నాడు గదా. అయిపాయె. ఇంక పద, బ్యాగు తెచ్చుకో."

ఆయన ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. గుండె కరిగిన మాట వాస్తవం. ఆ ఒక్క మాటతో వెళ్ళిపోయి ఉండేదాన్నే. కానీ నాకు వెళ్ళాలని లేదు, ఇంకా భయంగా ఉంది, నా ఒంటికి ఆ గది గుర్తుంది. ఆయన మంచి మాట ఒకటి అన్నాడని నేను సరే అనేస్తే, మళ్ళీ నా మాట నేనే కొట్టేసుకున్నట్టు.

"ఈ రోజు రాను," అన్నాను.

అందరూ ఆయన వైపు తిరిగారు. మా వాళ్ళలో ఎంత పెద్దలు కూర్చున్నా చివరికి మొగుడు నడవమంటే పెళ్ళాం నడవాల్సిందే, ఆ మాట మీద ఇంక మాట ఉండదు. ఆయన అనడమే ఆలస్యం, నాయన స్వయంగా నా బ్యాగు కారులో పెట్టేవాడు. ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, బయటికి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు.

"రానంటాంది గదమ్మా. పదండి," అన్నాడు.

కారు వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఉదయగిరి వెళ్ళింది కార్తీకంలో, నా అంతట నేను, బస్సులో. అప్పటిదాకా ప్రతి ఆదివారం వచ్చి మాట్లాడి వెళ్ళేవాడు. అడగడం నేర్చుకోవడానికి ఆయనకి, నమ్మడానికి నాకు చాలా కాలమే పట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది. ఇదంతా రాస్తానంటే, "రాయి. మా హాస్టలోళ్ళకి కూడా పంపిస్తా," అన్నాడు.

ఆ బుధవారం మాత్రం కారు మలుపు తిరిగాక నాకు ఎక్కడలేని ఆకలేసింది. వంటింట్లోకి వెళ్ళి, వియ్యంకుల కోసం వండినవన్నీ పళ్ళెంలో పెట్టుకుని కింద కూర్చున్నాను. అమ్మ తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. అమ్మ తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడుస్తోంది.

"పోయినాడా?"

"పోయినాడు."

"కోపం మీదనా?"

"లేదమ్మా. నేను రానన్నానని పోయినాడు."

అమ్మ గుడ్డ పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నాయన అంగట్లోనే ఉన్నాడు. అయినా గొంతు తగ్గించింది.

"అట్టా అనొచ్చని నాకు ఎవురూ చెప్పలేదు అమ్మీ. ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఒక్కసారి కూడా అనలేదు నేను."

పొద్దుటి నుంచి అంతమంది ముందు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.